గోళీ దొర్లిన వైపు

ఇల్లు కదిలే రోజున లోపల ఒక మనిషుండాలని
మా అమ్మమ్మ పట్టు.
"మనిషి లేని ఇల్లు నీళ్ళ మీద దారి మరిచిపోతుంది" అంది.
చిలోయే దీవిలో ముసలివాళ్ళ మాటకి
నవ్వుతారు, కానీ కాదనరు.
అలా మిగిలాను నేను, పద్దెనిమిదేళ్ళ మిల్లరాయ్‌ని,
ఆర్పేసిన పొయ్యితో, తాళ్ళు బిగించిన బీరువాతో,
జేబులో తమ్ముడి గాజు గోళీతో.

తొమ్మిది జతల ఎడ్లు బురదలోంచి లాగాయి.
దుంగల మీద ఇల్లు
మోకాళ్ళ నొప్పుల మనిషి మెట్లు దిగినట్టు దిగింది.
సముద్రం పోటెక్కే వేళకి తీరం చేరాం.
ఆపైన పడవల వంతు.

ముందు పడవలో తాడు పట్టుకుని నువ్వు, ఎలిసేయో,
మోచేతుల దాకా తడిసిన ఊలు చొక్కాలో.
ఆ ఊలు వాసన నాకు తెలుసు.
మూడు వారాలుగా, ఆల్చిప్పల షెడ్డు వెనక,
వాన ఆగేదాకా అనుకుంటూ,
వాన ఆగాక కూడా.

నిజం చెప్పనా,
ఆ మూడు వారాలూ నన్ను నేను నీ కళ్ళతోనే చూసుకున్నాను.
నువ్వు బాగుందన్న జడే అల్లుకున్నాను.
నువ్వు నవ్వవనుకున్న మాటల్ని మింగేశాను.
నా గొంతు మెత్తన అన్నావు.
ఇంకా మెత్తబరిచాను,
తొక్క దానంతటదే ఊడిపోయేలా
ఉడికిపోయిన బంగాళాదుంపలా.

ఇల్లు తేలింది.
కిటికీలో కొండ పక్కకి జరిగింది.
చర్చి గోపురం ఒక గాజు పలకలోంచి
ఇంకో పలకలోకి నడిచివెళ్ళింది.
నవ్వొచ్చింది నాకు, ఎవరికీ చూపించనక్కర్లేని నవ్వు.
ఖాళీ గది తిరిగి నవ్వింది.

అప్పుడు జేబులోంచి గోళీ జారింది.
వంటగది గడప పక్కనుంచి దొర్లి
మేం ఉత్తరపు గోడ అనే గోడకి కొట్టుకుంది.
తెచ్చి మధ్యలో పెట్టాను. మళ్ళీ అటే.
మూడోసారి ఇంకా తొందరగా.

ఇంటి కింద కట్టిన పీపాల్లో ఏదో ఊడింది.
బయట అకార్డియన్, కేకలు, మోటార్ల రొద.
ఎవరికీ తెలీదు,
నాకూ ఒక గోళీకీ తప్ప.

కిటికీ తోసి అరిచాను.
అమ్మమ్మ పందుల్ని పిలిచే గొంతు,
పోయిన తాత పొగమంచులో పడవల్ని పిలిచిన గొంతు,
వాటి అడుగున ఇంకొకటి,
బొంగురుగా, మోటుగా, నాది.
"ఆగండి! ఉత్తరం మూల మునుగుతోంది! పడవ ఆనించండి!"

అందరికన్నా ముందు నీ తల తిరిగింది.
ఒక్క క్షణం నువ్వు నన్ను గుర్తుపట్టలేదు.
కిటికీలో ఎవరో అనుకున్నావు.
ఆ తర్వాత, ఎందుకని అడక్కుండా,
నా మాటని ఒక్క అక్షరం మార్చకుండా
వెనక పడవలకి అందించావు.

నిన్ను నేను ప్రేమించింది అప్పుడు.
షెడ్డు వెనక జరిగింది వాన.

రాత్రికి కొత్త ఒడ్డున గుంట తవ్వి,
కాలిన రాళ్ళ మీద గుల్లలూ మాంసమూ దుంపలూ పేర్చి
వెడల్పాటి ఆకులు కప్పారు.
ఆవిరిలో నా పక్కన కూర్చుని
పుంతా అరేనాస్ మాట ఎత్తావు:
అక్కడ మీ అన్న, చేపల ఓడలో పని, ఇద్దరికి సరిపోయే గది.
"నీకు నచ్చుతుంది" అన్నావు.

నాకేం నచ్చుతుందో ఇంకా వెతుక్కుంటున్నాను, ఎలిసేయో.
ఇవాళ ఒకటి దొరికింది.
రేపు వడ్రంగి ఎర్మిన్యా వస్తుంది,
అడుగున చెక్కలు వేసి ఇంటిని మట్టం చెయ్యడానికి.
రసమట్టం పట్టుకునే మనిషి కావాలంది.
ఎవర్నీ అడక్కుండా నేనున్నానన్నాను.
ఆ తర్వాత ఇంకో ఇల్లుందట, అవతలి దీవిలో.

నీకు ఔనని అనలేదు. కాదనీ అనలేదు.
అరిచి అరిచి పోయిన గొంతుతో
"ఆ దుంప ఇటివ్వు" అన్నాను.
నువ్వు ఊది, చల్లార్చి,
తొక్క తియ్యకుండానే ఇచ్చావు.

తమ్ముడు గోళీ ఏదని గోల చేస్తున్నాడు.
ఉత్తరపు గోడ దగ్గర చూడరా అన్నాను.
ఇల్లు మొహం తిప్పుకుని నిలబడింది కదా,
ఇప్పుడది ఏ వైపో
వాడే వెతుక్కోవాలి.